కింద మాట లేని బొమ్మ

కెటిల్ కార్డు రాయడం ఇది రెండోసారి. మొన్ననే ఎర్ర అంచు కట్టి, కెటిల్ మూతి దగ్గర రెండు ఆవిరి మెలికలు కూడా వేసి మరీ రాశాడు. నిన్న సాయంత్రానికి ఆ కార్డు అర దగ్గర లేదు. ఎగిరిపోయిందో, ఎవరి కాళ్ళ కిందన్నా పడి నలిగిందో ఎవరికి తెలుసు? మేనేజరు మాత్రం పొద్దున్నే గుమ్మంలోనే పట్టుకుని, "కార్డు లేకపోతే ధర నా మొహం చూసి తెలుసుకుంటారా జనం?" అన్నాడు. తప్పు తనది కాదు. అయినా "రాసేస్తాను సార్" అన్నాడు. చాలా ఏళ్ళుగా అతని నోట్లోంచి అన్నిటికంటే ముందు వచ్చే మాట అదే.

షాపు తెరవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. లైట్లు సగమే వేశారు. పొడుగాటి వరసల మధ్య నేల తుడిచే యంత్రం గుర్రుగుర్రుమంటూ ఎక్కడో తిరుగుతోంది, కనిపించడం లేదు. సంచుల కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూచుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని అతను ఆవిరి మెలికలు దిద్దుతున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. బట్టతల, బక్క మెడ, కుడిచేతి మధ్యవేలు మీద ఎన్ని సబ్బులు అరిగినా వదలని నల్ల మచ్చ. షాపులో అందరికీ అతను బొమ్మలాయన. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దాన్ని చదివే అవసరం ఎవరికీ రాలేదు.

పొద్దున్న ధరల కార్డులు రాయడం, తలుపులు తెరిచాక సంచుల కౌంటర్లో నిలబడటం అతని పని. లోపలికి వెళ్ళేవాళ్ళ సంచి తీసుకుని గూట్లో పెట్టాలి, నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. బయటికి వెళ్ళేటప్పుడు బిళ్ళ తీసుకుని సంచి ఇవ్వాలి. అంతే. కౌంటర్ వదిలి కదలకూడదు. ఈ ఒక్క నియమం మాత్రం అతన్ని తీసుకున్న రోజే మేనేజరు మూడుసార్లు చెప్పాడు.

ఇంతకుముందు అతను కార్టూనిస్టు. ఏమాటకామాట చెప్పుకోవాలి, చిన్నాచితకా మనిషేం కాదు. ఒక కాలంలో అయిదు వారపత్రికల్లో అతని సంతకం కనపడేది. బస్సులో పక్కసీటువాడు పత్రిక చదువుతూ తన బొమ్మ దగ్గర ఆగి నవ్వడం రెండు కళ్ళతో చూశాడు. ఆ నవ్వు గురించి ఇంటికెళ్ళి భార్యకి ఎన్నిసార్లు చెప్పాడో! ఆవిడకి ఆ పక్కసీటువాడి చొక్కా రంగు కూడా కంఠతా వచ్చేసింది. తరవాత పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరిది పోయి తొమ్మిదేళ్ళు.

అతనికి ఒక పట్టుదల ఉండేది. బొమ్మ కింద మాట రాయడు. రాస్తే గానీ నవ్వు రాని కార్టూను, చెప్పి పెట్టే చక్కిలిగింత లాంటిదని అతని వాదం. "ఒక్క ముక్క రాయవయ్యా, కొందరికి అర్థం కావడం లేదు" అని సంపాదకులు బతిమాలేవారు. అర్థం కానివాళ్ళు పేజీ తిప్పుకుంటారు, పోయేదేముంది అనేవాడు. నిజమే, అప్పట్లో పోయేదేమీ లేదు.

కార్డుల కట్ట సర్ది, రబ్బరు వేసి, ఆఫీసు గదికి తీసుకెళ్ళాడు. మేనేజరు కుర్చీలో, సెక్యూరిటీ చీఫ్ కిటికీ దగ్గర టీ గ్లాసుతో ఉన్నారు. మేనేజరు కార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు చిన్నవయ్యాయి. తరవాత పగలబడి నవ్వాడు. టేబుల్ మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు.

"ఇదేంటయ్యా! చీఫ్, ఇలా రా, చూడు."

అప్పుడు గుర్తొచ్చింది బొమ్మలాయనకి. నిన్న సాయంత్రం, పాడైపోయిన వేరే ఏదో ధర కార్డు వెనకవైపు వేసుకున్న బొమ్మ. కట్టలో కలిసిపోయింది.

కోటు పెద్దాయన బొమ్మ అది. రోజూ నాలుగింటికి వచ్చే ఆయన. బూడిదరంగు కోటు, చేతికర్ర, భుజాన గుడ్డ సంచి. సంచి పదిహేడో గూట్లోనే పెట్టమంటారు, వేరే గూడు ఖాళీగా ఉన్నా సరే. "ఎక్కడిది అక్కడే ఉండాలి కదా నాయనా" అంటారు. రెండు గంటలు షాపంతా తిరిగి, చివరికి ఒక బ్రెడ్డు కొనుక్కుని వెళ్తారు. ఇంతసేపు ఈయన లోపల ఏం చేస్తారా అని బొమ్మలాయనకి మహా కుతూహలంగా ఉండేది. ఒకరోజు సాయంత్రం టీ టైములో వెనకాలే వెళ్ళి చూశాడు. చూసి, డబ్బాల వరస చాటున నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

పెద్దాయన షాపు సర్దుతారు! కొనేవాళ్ళు ఒకచోట వస్తువు తీసి, మనసు మార్చుకుని, ఇంకోచోట పడేసి పోతారు కదా. టీ పొట్లాల మధ్య సబ్బు, తువ్వాళ్ళ మీద బిస్కెట్లు. పెద్దాయన వాటిని ఏరుతారు. ఒక చేతిలో కర్ర ఉంటుంది కాబట్టి కోటు జేబులో వేసుకుంటారు. సబ్బుల వరసకి నడిచివెళ్ళి, సబ్బు దాని చోట పెట్టి, పేరు ముందుకి కనపడేలా తిప్పి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుని, తరవాత బిస్కెట్ల దగ్గరికి వెళ్తారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏదో ఆఫీసులో రికార్డు గది చూసుకున్నారట. ఆ చేతులకి ఊరికే ఉండటం చేతకాదు. షాపులో పనివాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు. అరలు వాటంతటవే సర్దుకుంటున్నాయని అనుకుంటున్నారో ఏమో మహానుభావులు!

అదే వేశాడు నిన్న. కోటుకి ఆరు జేబులు పెట్టాడు. ప్రతి జేబూ ఉబ్బి, ఒకదాంట్లోంచి సబ్బులు, ఒకదాంట్లోంచి బిస్కెట్లు, వెనక జేబులోంచి నిలువెత్తు చీపురు. అంత బరువు మోస్తూ, మునివేళ్ళ మీద, ఎవరికీ తెలియకుండా మంచిపని చేసే మనిషి కళ్ళతో అటూ ఇటూ చూస్తున్న పెద్దాయన. చాలా ప్రేమగా వేశాడు. కింద ఏమీ రాయలేదు.

"వీడు! ఈ ముసలాడే!" అన్నాడు చీఫ్, టీ గ్లాసు కిటికీలో పెట్టేసి. "నాకు ఎప్పట్నుంచో అనుమానం సార్. రోజూ రెండు గంటలు తిరిగి బ్రెడ్డు కొనడమేంటి? మనవాడు పట్టేశాడు చూడండి. ఆ కళ్ళు చూడండి, దొంగ చూపు!"

"నీ కళ్ళు మన కెమెరాల కంటే నయమయ్యా" అన్నాడు మేనేజరు, ఇంకా నవ్వుతూనే. "ఇన్నాళ్ళూ ధరలు రాయిస్తున్నాం నీచేత!"

ఇక్కడ ఒక్క మాట అనాల్సింది. 'అది కాదు సార్, ఆయన తీసుకోవట్లేదు, పెడుతున్నాడు.' గొంతు దాకా వచ్చింది కూడా. కానీ మేనేజరు మళ్ళీ బొమ్మ చూసి మళ్ళీ నవ్వాడు, భుజాలు ఊగేలా. తన బొమ్మ చూసి ఎదురుగుండా మనిషి నవ్వి తొమ్మిదేళ్ళయింది. ఆ నవ్వు చల్లారేదాకా ఆగి చెబుదాం అనుకున్నాడు. ఆగాడు. ఈలోపు చీఫ్ బొమ్మ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడికి వెళ్ళాడో బొమ్మలాయనకి తెలుసు. పనివాళ్ళ గదిలో ఒక బోర్డుంది, దాని మీద 'వీళ్ళని గమనించండి' అని రాసి ఉంటుంది. ఆ అక్షరాలు రాసిందీ అతనే. కెమెరాల్లో అందరి మొహాలూ పొగలో పడ్డట్టు కనిపిస్తున్నాయని, ఆరునెలల క్రితం చీఫ్ వచ్చి, "నువ్వు గుమ్మంలో ప్రతివాడి మొహం చూస్తావుగా, గుర్తుపెట్టుకుని వేసివ్వు" అన్నాడు. మొదట శాలువా కప్పుకునే ఒకావిడ బొమ్మ వేశాడు. వారంలో పట్టుకున్నారు, శాలువా కింద నాలుగు గాజు గ్లాసులు దొరికాయి. అందరూ భుజం తట్టారు. రెండోది చెవులు పెద్దగా ఉన్న ఒక కుర్రవాడిది. కార్టూనిస్టు చెయ్యి ఊరుకోదు కదా, ఆ చెవుల్ని ఇంకాస్త లాగాడు. ఆ వారం పెద్ద చెవులున్న పాపానికి ముగ్గుర్ని వెనక గదిలోకి తీసుకెళ్ళారు. ముగ్గురూ ఏ పాపం ఎరగనివాళ్ళు. అందులో ఒకాయన సంచి తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బిళ్ళ కౌంటర్ మీద విసిరికొట్టాడు. మళ్ళీ కనపడలేదు. ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాళ్ళెవరూ మళ్ళీ ఈ షాపు గడప తొక్కరు.

కిటికీ లేని గది అది. ఒక టేబులు, ఒక కాలు పొట్టిదైన కుర్చీ, పాడైపోయిన తూకం యంత్రం. ఎవరు కూచున్నా ఆ కుర్చీ టకటకమంటుంది. గోడ అవతల నిలబడితే వినపడుతుంది.

పదింటికి వీలు చూసుకుని పనివాళ్ళ గదికి వెళ్ళాడు. బొమ్మ తీసేసుకుందామనే, ఒట్టు. బోర్డు అద్దం తలుపు తెరిచే ఉంది. చీఫ్ పక్కనే తాళం చేత్తో ఆడిస్తూ నిలబడ్డాడు. బిల్లింగ్ అమ్మాయిలిద్దరు బొమ్మ ముందు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"బాబాయ్, చీపురు మాత్రం సూపర్!" అంది పొట్టి అమ్మాయి. "ఆ మునివేళ్ళు చూడవే, అచ్చం పిల్లిలా!"

"సంతకం పెట్టలేదేం బాబాయ్? పెద్ద కార్టూనిస్టువంటగా, అక్కావాళ్ళు చెప్పారు" అంది రెండోది. చెప్పి, తన చెవి మీంచి మార్కరు తీసి అతని చేతిలో పెట్టింది.

చెయ్యి చాపితే బొమ్మ. గుండుసూది పీకితే అయిపోయేది. అతను చెయ్యి చాపాడు, సంతకం పెట్టాడు. పాత సంతకం, తోక పొడుగ్గా లాగి, తోక చివర చిన్న కన్ను పెట్టే సంతకం. బొమ్మ కింద అంచు నుంచి అంచు దాకా పరుచుకుంది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. చీఫ్ అద్దం మూసి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ చిన్న చప్పుడుకి బొమ్మలాయన మార్కరు మూత పెట్టబోయి ఆగాడు. అయినా మొహం మీద నవ్వు అలాగే ఉంది. అదే మరి, సిగ్గులేని మొహం!

కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సంచులు వస్తున్నాయి, పోతున్నాయి. గోడ గడియారం వైపు చూడకూడదనుకున్నకొద్దీ చూపు అక్కడికే పోతోంది. నాలుగింటికి వస్తారు పెద్దాయన. ఇంకా ఎంతో టైముంది. ఈలోపు చీఫ్‌తో ఒక్క నిమిషం మాట్లాడితే సరిపోతుంది. మాట్లాడతాడు. ఎందుకు మాట్లాడడు?

భోజనం వేళ భార్య ఫోన్ చేసింది. రోజూ చేస్తుంది, తిన్నారా లేదా అని కాదు, అన్నం డబ్బా తిరిగి తెస్తున్నారా లేదా అని. ఇప్పటికి మూడు డబ్బాలు పోగొట్టాడు మరి.

"ఇవాళ నా బొమ్మకి అందరూ నవ్వారు" అన్నాడు.

"అబ్బో! ఏ బొమ్మ?"

చెప్పాడు. మొదట గొప్పగా మొదలుపెట్టాడు, పోనుపోను గొంతు తగ్గింది.

"ఆయన దొంగ కాదని చెప్పారా?"

"చెప్తాను."

"చెప్పారా అని అడిగాను."

"చీఫ్ ఎక్కడో గొడౌన్లో ఉన్నాడు. వచ్చాక..."

"మీరు నోరు విప్పితే ముత్యాలేమన్నా రాలిపోతాయా? ఇప్పుడే వెళ్ళండి. డబ్బా సంగతి తరవాత." ఫోన్ పెట్టేసింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో డబ్బా సంగతి తరవాత అని ఆవిడ అనడం అదే మొదలు.

అన్నం సగంలో వదిలేసి పనివాళ్ళ గదికి పరిగెత్తాడు. చీఫ్ లేడు. బోర్డు ముందు కొత్త గార్డు ఒకడు నిలబడి ఉన్నాడు. వేరే షాపు నుంచి ఇవాళే వచ్చాడట. నిటారుగా, కాళ్ళు దగ్గరపెట్టి, పరీక్షకి చదువుకునేవాడిలా పెదాలు కదుపుతూ బొమ్మలు చూస్తున్నాడు. కోటు, కర్ర, జేబులు అనుకుంటున్నాడు.

"ఆ బొమ్మ నిజం కాదు బాబూ" అన్నాడు బొమ్మలాయన. "ఊరికే సరదాకి వేసింది."

"మీరేనా సార్ వేసింది? ఫస్టుక్లాసుగా ఉంది. వెయ్యి మందిలో ఉన్నా పట్టేస్తాను. చీఫ్ గారు ముందు ఈయన్నే చూడమన్నారు."

"అది కాదు. ఆయన మంచివాడు. చీఫ్‌కి నేను చెప్తాను, ఈలోపు నువ్వేం చెయ్యొద్దు."

గార్డు మర్యాదగా నవ్వాడు. "చీఫ్ గారు నాకు చెప్పాలి కద సార్."

అద్దం మీద చెయ్యి వేసి చూశాడు బొమ్మలాయన. తాళం గట్టిగానే ఉంది. అద్దం లోపల తన సంతకం తోక చివరి కన్ను తనవైపే చూస్తోంది. కౌంటర్ దగ్గర ఎవరో గంట టింగుటింగుమని వాయిస్తున్నారు, సంచి పెట్టుకునే దిక్కులేదా అని అరుస్తున్నారు. చీఫ్‌కి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఒక కాగితం మీద 'కోటు పెద్దాయన గురించి మాట్లాడాలి, అర్జెంటు' అని రాసి, మడిచి, చీఫ్ టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద పెట్టి కౌంటర్‌కి వచ్చేశాడు. ఒకవేళ ఇవాళ రారేమో. జలుబు చేసిందేమో. ఒక ముసలాయనకి జలుబు చెయ్యాలని అంత మనస్ఫూర్తిగా కోరుకున్నవాడు ఇంకొకడుండడు.

మూడుంబావుకే వచ్చారు పెద్దాయన. ముప్పావుగంట ముందు! ఎప్పుడూ లేంది ఉత్సాహంగా ఉన్నారు, గడ్డం నున్నగా గీసుకున్నారు. సంచి కౌంటర్ మీద పెట్టి రెండుసార్లు తట్టారు.

"పదిహేడేనా? ఇందులో నీదొకటుంది నాయనా. వెళ్ళేటప్పుడు ఇస్తాను. మర్చిపోతే గుర్తుచెయ్యి."

"సార్, ఇవాళ లోపలికి వెళ్ళొద్దు" అన్నాడు బొమ్మలాయన.

"ఏం?"

ఏం అంటే ఏం చెప్పాలి? మీ బొమ్మ వేశాను, అది దొంగల బోర్డు మీద ఉంది, కింద నా సంతకముంది. వెనక ఒకావిడ రెండు సంచులూ ఒక హెల్మెట్టూ ఎత్తిపట్టుకుని, "కబుర్లు తరవాత చెప్పుకోండి, చేతులు పడిపోతున్నాయి" అంటోంది.

"లోపల... కొత్త గార్డు వచ్చాడు సార్. జేబుల్లో ఏమీ వేసుకోకండి. దయచేసి."

పెద్దాయన నవ్వారు. కింది వరసలో రెండు పళ్ళు లేవు, ఆ సందులోంచి గాలి వచ్చింది. "కొత్తవాడైతే మరీ మంచిది. అరల సంగతి నేర్పుతాను. మీ వాళ్ళకి సబ్బుకీ చక్కెరకీ తేడా తెలియడం లేదయ్యా!" బిళ్ళ తీసుకుని, కర్ర టక్కుటక్కుమనిపిస్తూ లోపలికి వెళ్ళిపోయారు.

కౌంటర్ నుంచి అద్దంలోంచి రెండు వరసలే కనిపిస్తాయి. టీ పొట్లాల దగ్గర పెద్దాయన ఆగారు. మెడ వంచి చూశారు. ఏదో తీసి కుడి జేబులో వేసుకున్నారు. తరవాత వరస చివర మలుపు తిరిగారు. ఆయన వెనకాలే, అయిదారు అడుగుల దూరంలో, కొత్త గార్డు కూడా మలుపు తిరిగాడు. ఇద్దరూ కనపడకుండా పోయారు. పైన స్పీకర్లో ఆడగొంతు తియ్యగా చెబుతోంది, తువ్వాళ్ళు ఒకటి కొంటే ఒకటి ఉచితమని. సంచులు వస్తూనే ఉన్నాయి. బొమ్మలాయన పన్నెండో నంబరు వాడికి ఇరవయ్యో నంబరు సంచి ఇచ్చాడు, వాడు కేకలేశాడు. కర్ర చప్పుడు కోసం చెవులు రిక్కించి వింటున్నాడు. వినపడటం లేదు. ఇంతలో గార్డు ఒక్కడే పరుగున వచ్చాడు. చేతిలో ఇత్తడి బిళ్ళ. పదిహేడు.

"సంచి ఇవ్వండి సార్. దొరికాడు. మీ బొమ్మ దెబ్బకి మొదటిరోజే!" వాడి మొహం వెలిగిపోతోంది.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి బొమ్మలాయన ఎదురుగా జనం ఉండగా కౌంటర్ వదిలేశాడు. వెనక జనం ఏదో అరుస్తున్నారు. సంచి గుండెకి అదుముకుని గార్డుని దాటి పరిగెత్తాడు. గది ఇంకా రాకముందే గోడ అవతల్నుంచి కుర్చీ టకటక వినపడింది.

పెద్దాయన ఆ పొట్టికాలు కుర్చీలో కూచుని ఉన్నారు. కోటు విప్పించారు. కోటు లేకుండా ఎంత చిన్నమనిషో! చొక్కాలో భుజాలు రెండు మేకుల్లా ఉన్నాయి. టేబుల్ మీద కోటు జేబులు బయటికి తిప్పి పడేసి ఉంది. పక్కన ఒక సబ్బు, ఒక టార్చి సెల్లు, ఒక టీ జల్లెడ.

"ఆయన తీసుకోలేదు!" అన్నాడు బొమ్మలాయన, ఊపిరి అందక. "వాటిని తీసుకెళ్ళి వాటి చోట పెడతారు. రోజూ పెడతారు. నేను చూశాను."

చీఫ్ తలెత్తాడు. "చూశావా? చూసే కదా ఇది వేశావు!" అంటూ బోర్డు మీంచి తెచ్చిన బొమ్మని టేబుల్ మీద పెట్టి, వేలు ఆనించాడు. "నీ చెయ్యే కదా? నీ సంతకమే కదా?"

పెద్దాయన బొమ్మని దగ్గరికి లాక్కున్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని, రికార్డు గదిలో కాగితం చూసినట్టే చూశారు, పైనుంచి కిందికి, ఏదీ వదలకుండా. వేలితో ఒక్కొక్క జేబూ తడుముతూ లెక్కపెట్టారు.

"నా కోటుకి నాలుగే జేబులు నాయనా" అన్నారు. మెల్లగా అన్నారు. "ఇందులో ఆరున్నాయి. ఈ బిస్కెట్లు... ఇవి నేను మొన్ననే పెట్టేశాను, వాటి చోటే. చీపురు మాత్రం నేను తియ్యలేదు. ఒట్టు. చీపురు నేనెప్పుడూ ముట్టుకోలేదు."

"అయ్యో, అది జోకు సార్!" బొమ్మలాయన టేబుల్ మీదికి వంగాడు. "మీరంటే ఇష్టంతో వేశాను. నవ్వుకోవడానికి."

"జోకా?" పెద్దాయన మళ్ళీ చూశారు. నవ్వు ఎక్కడుందో వెతికారు పాపం, నిజంగానే వెతికారు. బొమ్మ అడుగు దాకా వచ్చి సంతకం దగ్గర ఆగారు. "కింద ఏమీ రాయలేదే?"

బొమ్మలాయన సంచిని ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

చీఫ్ సంచి లాక్కుని టేబుల్ మీద బోర్లించాడు. మడత గొడుగు, కళ్ళజోడు డబ్బా, ఒక చేతిగుడ్డ పడ్డాయి. చివర రెండు అట్టముక్కలు, మధ్యలో ఏదో పెట్టి దారంతో కట్టినవి. చీఫ్ దారం తెంపాడు. ఎర్ర అంచు కట్టిన కార్డు జారిపడింది. కెటిల్ మూతి దగ్గర రెండు ఆవిరి మెలికలు.

"అది అతనిది" అన్నారు పెద్దాయన, బొమ్మలాయన వైపు చూడకుండా. "నిన్న కెటిళ్ళ దగ్గర కింద పడుంది. ఎవరో తొక్కారు. ఇంటికి తీసుకెళ్ళి రబ్బరుతో తుడిచాను. బూటు గుర్తు మొత్తం పోలేదు. గట్టిగా తుడిస్తే రంగు పోతుందేమోనని వదిలేశాను. దాని చోట్లో పెట్టాలి."

అప్పుడు మేనేజరు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి టేబుల్నీ, కోటునీ, పెద్దాయన్నీ ఒక చూపు చూశాడు. గొడవ ఎలా తగ్గించాలో తెలిసిన మనిషి. "పొరపాటు జరిగింది చీఫ్. పంపించెయ్యండి. పెద్దాయనా, మీరు వెళ్ళొచ్చు. ఏమీ అనుకోకండి."

పెద్దాయన ఏమీ అనుకోలేదు. బొమ్మ మీదికి వంచిన తల అలాగే ఉంది, వేలు ఇంకా చీపురు మీదే ఉంది. "వెళ్ళొచ్చు అంటున్నాను" అన్నాడు మేనేజరు ఇంకాస్త గట్టిగా. కొత్త గార్డు వంగి భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, చప్పున తీసేశాడు. అప్పటికిగానీ ఎవరూ గమనించలేదు, కుర్చీ టకటక ఎప్పుడో ఆగిపోయిందని.

పెద్దాయన శరీరాన్ని సరుకులు దింపే వెనక తలుపులోంచి తీసుకెళ్ళారు. ముందువైపు జనానికి తెలియకూడదని మేనేజరు జాగ్రత్త. డాక్టరు గుండె అన్నాడు, వయసు అన్నాడు. కోటు జేబులో ఒక చీటీ మీద చెల్లెలి ఫోన్ నంబరు దొరికింది. సంచీ కోటూ ఆవిడకే పంపించారు. స్పీకర్లో ఆడగొంతు ఒక్క క్షణం కూడా ఆగలేదు. కొత్త గార్డు గోడకి ఆనుకుని నిలబడి, "నేను గట్టిగా కూడా పట్టుకోలేదు సార్, ఒట్టు, గట్టిగా కూడా పట్టుకోలేదు" అని వచ్చినవాడికల్లా చెబుతున్నాడు.

చీఫ్ బొమ్మ తెచ్చి బొమ్మలాయన చేతిలో పెట్టాడు. "ఇది ఎక్కడా కనపడనీకు. నువ్వు రాసిన చీటీ చూళ్ళేదయ్యా, ఇప్పుడే చూశాను. ఈ మాటేదో పొద్దున్నే చెప్పొచ్చుగా!" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

బొమ్మలాయన కౌంటర్ వెనక స్టూలు మీద కూచున్నాడు. ఎదురుగా పదిహేడో గూడు ఖాళీగా ఉంది. పెన్ను తీశాడు. ఒక్క ముక్క రాస్తే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. 'ఎక్కడివక్కడ పెట్టే మనిషి' అంతే. జీవితంలో మొదటిసారి బొమ్మ కింద మాట రాయడానికి పెన్ను ఆనించాడు. ఆనించి, ఆగిపోయాడు. రాయడానికి చోటు లేదు. మాట ఉండాల్సిన చోటంతా, అంచు నుంచి అంచు దాకా, తన సంతకమే ఉంది.

అప్పుడు ఏడుపొచ్చింది. సంచి కోసం వచ్చిన ఒకాయన బిళ్ళ పట్టుకుని కాసేపు చూసి, తన సంచి తనే తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రద్దీ తగ్గాక అతను లేచి వెనక గదికి వెళ్ళాడు. టేబుల్ మీద సబ్బూ, సెల్లూ, జల్లెడా, పక్కన ఎర్ర అంచు కార్డూ ఇంకా అలాగే ఉన్నాయి. కార్డు చేత్తో పట్టుకుని, మిగతావాటిని తన చొక్కా జేబులో, ప్యాంటు జేబుల్లో వేసుకున్నాడు. వరసల మధ్య నడుస్తుంటే చీఫ్ దూరం నుంచి చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. సబ్బు సబ్బుల దగ్గర పెట్టి పేరు ముందుకి తిప్పాడు. సెల్లు సెల్లుల దగ్గర, జల్లెడ జల్లెడల దగ్గర. చివరికి కెటిళ్ళ అర దగ్గరికి వచ్చాడు. పొద్దున తను రాసిన కొత్త కార్డు లాగేసి జేబులో కుక్కుకున్నాడు. పాత కార్డుని దాని చోట్లో నిలబెట్టి, వంకర లేకుండా సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

ఎర్ర అంచు కార్డు మీద, ఆవిరి మెలికల కింద, రబ్బరుతో రుద్దిరుద్ది నూగు లేచిన చోట, బూటు మడమ గుర్తు సగం ఇంకా కనపడుతూనే ఉంది.